పునాదికి ముందే డబ్బు: పల్లె ఇళ్ల నిధుల కోసం అడిగిన క్రమంలో నా అనుభవం

సొంత జాగ ఉండి కూడా ఇల్లు కట్టుకోలేని కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వమే నిధులు ఇవ్వాలని, అందులో మొదటి భాగం పునాది తవ్వకముందే వాళ్ల చేతికి అందాలని అడుగుతూ, తెలంగాణలోని వరంగల్ జిల్లా నర్సంపేట చుట్టుపక్కల కొన్ని ఊళ్ల వాళ్లతో కలిసి కొంతకాలంగా పనిచేస్తున్నాను. ఇంటింటి జాబితాతో మొదలైన ఈ పని గ్రామసభ తీర్మానం, సమాచార హక్కు అర్జీలు, శాసనసభ్యుడితో చర్చ, అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణి మీదుగా బడ్జెట్ పుస్తకాల్లోని పద్దుల దాకా సాగింది. అది ఎక్కడ ముందుకు కదిలిందో, ఎక్కడ ఆగిందో ఉన్నదున్నట్టు రాసిపెడితే, వేరే మండలాల్లో ఇదే పనికి పూనుకున్న వాళ్లకు ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో ఇది రాస్తున్నాను.

నేను గ్రామీణ బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసర్‌గా పనిచేసి పదవీ విరమణ చేశాను. పంట రుణాలు, పాడి పశువుల రుణాలు, మహిళా సంఘాల రుణాలు లెక్కలేనన్ని ఇచ్చాను గాని పల్లెల్లో ఇంటి రుణం ఇచ్చిన సందర్భాలు చాలా తక్కువ. అందుకు కారణం బ్యాంకుకు మనసు లేకపోవడం కాదు. ఇంటి రుణానికి రిజిస్టరైన దస్తావేజు తాకట్టు పెట్టాలి. గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో, తాతల నాటి నుంచి ఉంటున్న వాళ్ల దగ్గర ఇంటి పన్ను రసీదు, మహా అయితే పంచాయతీ ఇచ్చిన ధ్రువపత్రం తప్ప మరొకటి ఉండదు. బ్యాంకు న్యాయవాది దానిని హక్కు పత్రంగా ఒప్పుకోడు. ఒప్పుకున్నా, నెలనెలా కిస్తీ కట్టే ఆదాయం ఎక్కడిది? మా ప్రాంతంలో కూలి కుటుంబాలకు పత్తి ఏరే కాలంలో నాలుగు డబ్బులు వస్తాయి, మిరప కోతల్లో మరికొన్ని వస్తాయి, ఎండాకాలం ఉపాధి హామీ పని ఉంటే ఉంటుంది, మిగతా నెలలు అప్పుతో గడుస్తాయి. ఇళ్ల కోసం బ్యాంకులు అప్పులిస్తున్నప్పుడు ప్రభుత్వం ఎందుకు ఇవ్వాలని చదువుకున్న వాళ్లే నన్ను అడుగుతుంటారు. పల్లెలో భూమిలేని కుటుంబానికి ఇంటి కోసం బ్యాంకు అప్పు దొరకదన్నది నా ఉద్యోగ జీవితమంతా చూసిన సంగతి గనుక, ఈ విషయంలో నాకు సందేహం లేదు. చమేలీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు నివాసాన్ని 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. ఆ హక్కు ఖజానా నుంచి వచ్చే డబ్బుతో తప్ప ఈ కుటుంబాలకు అమలయ్యే దారి లేదు.

మా ఊళ్లో ఒక వాడ వెంట నడిస్తే గృహనిర్మాణ పథకాల చరిత్ర అంతా కనిపిస్తుంది. మొదట ఇందిరా ఆవాస్ యోజన కింద కట్టిన ఒంటి గది ఇళ్లు వస్తాయి; ఆ పథకం 1985లో మొదలైంది. తర్వాత 2006లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఇందిరమ్మ పథకం ఇళ్లు ఉంటాయి, వాటిలో కొన్ని పూర్తయ్యాయి, కొన్ని కప్పు దాకా వచ్చి రేకులతో సరిపెట్టుకున్నాయి. 2015లో రాష్ట్ర ప్రభుత్వం 560 చదరపు అడుగుల రెండు పడక గదుల ఇళ్లను పూర్తిగా ఉచితంగా కట్టించి ఇస్తామని ప్రకటించింది. పల్లెల్లో ఒక్కో ఇంటికి నిర్ణయించిన ఖర్చు 5.04 లక్షల రూపాయలు. ఆలోచన గొప్పది, లబ్ధిదారు మీద పైసా భారం లేదు. అయితే ఆ ధరకు చిన్న ఊళ్లలో కొద్దిపాటి ఇళ్లు కట్టడానికి గుత్తేదారులు ముందుకు రాక మా దగ్గర పని సాగలేదు. 2023లో గృహలక్ష్మి పేరుతో సొంత జాగ ఉన్నవాళ్లకు 3 లక్షలు ఇస్తామన్నారు. దరఖాస్తులు తీసుకున్నారు, ప్రభుత్వం మారింది, పథకం రద్దయింది. 2024 మార్చి 11న భద్రాచలంలో ఇప్పటి ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలైంది: సొంత జాగ ఉన్నవాళ్లకు 5 లక్షలు, నియోజకవర్గానికి 3,500 ఇళ్లు, మొత్తం నాలుగున్నర లక్షల ఇళ్లకు 22,500 కోట్లు. పథకం పేరు మారిన ప్రతిసారీ దరఖాస్తు మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్న కుటుంబాలు మా వాడలోనే ఉన్నాయి.

మేము కలిసి పనిచేయాలన్న ఆలోచన 2023 వానల తర్వాత గట్టిపడింది. ఆ జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి మొత్తం నీళ్లలో మునిగింది. హెలికాప్టర్లు, పడవలు తెచ్చి జనాన్ని బయటికి తీయాల్సి వచ్చింది. డాబాల మీదికి ఎక్కగలిగిన వాళ్లు ఊపిరి నిలుపుకున్నారు. అదే వానలకు ములుగు జిల్లాలో జంపన్నవాగు పక్కన ఉన్న కొండాయి కూడా మునిగి ప్రాణాలు పోయాయి. మా ఊళ్లో అంత ప్రమాదం జరగలేదు గాని, మట్టిగోడల ఇళ్లు నాని ఒక్కొక్కటిగా ఒరిగిపోయాయి. గోడ కూలిన వాళ్లకు పరిహారం రాయించడానికి తిరుగుతున్నప్పుడే, ఏటా వానాకాలంలో పరిహారం కోసం తిరగడం కంటే గట్టి ఇంటికి నిధులు అడగడం మేలని మహిళా సంఘాల వాళ్లే అన్నారు. వాళ్లు అడిగితేనే నేను ఈ పనిలోకి వచ్చాను.

మొదట చేసిన పని ఇంటింటికీ వెళ్లి జాబితా రాయడం. సంఘం లీడర్లు వాడల వారీగా పంచుకుని రాశారు. కప్పు దేనితో ఉంది, గోడలు దేనితో ఉన్నాయి, జాగ ఎవరి పేరున ఉంది, చేతిలో ఏ కాగితం ఉంది అన్న వివరాలతో పాటు ఇంట్లో ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయన్నది కూడా రాయాలని వాళ్లే పట్టుబట్టారు. నాకు ఈ జాబితా మొత్తంలో అన్నింటికంటే విలువైనదిగా తోచింది ఆ చివరి అంశమే. ఒక ఇంటినే తీసుకుంటే, బయటి నుంచి చూస్తే అది ఒక పెంకుటిల్లు, లెక్కలో ఒక ఇల్లు. లోపల ముగ్గురు అన్నదమ్ములు, మూడు పొయ్యిలు, మధ్యలో చీర కట్టి చేసుకున్న అర. ఇద్దరు తమ్ముళ్లకు ఇల్లు లేదు, జాగ కూడా లేదు. ప్రభుత్వ వర్గీకరణ ప్రకారం జాగ ఉండి పక్కా ఇల్లు లేనివాళ్లు ఎల్-1, జాగా ఇల్లూ రెండూ లేనివాళ్లు ఎల్-2, మిగిలినవాళ్లు ఎల్-3. పెద్దన్న పేరు మీద ఇంటి నంబరు ఉన్నందువల్ల తమ్ముళ్ల కుటుంబాలు చాలాచోట్ల ఏ జాబితాలోనూ సరిగా పడలేదు. ప్రభుత్వ పథకాల కోసం ప్రజాపాలన పేరుతో దరఖాస్తులు తీసుకున్న 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు ఉన్న ఆ కొద్ది రోజుల్లో వలస కూలికి పోయిన వాళ్లు కూడా మిగిలిపోయారు.

జాబితా చేతిలో పెట్టుకుని ఇళ్ల ముందు కూర్చుని మాట్లాడుతున్నప్పుడే అసలు ఇబ్బంది ఏమిటో తెలిసింది. పథకంలో డబ్బు నాలుగు విడతలుగా వస్తుంది. బేస్‌మెంట్ పూర్తయ్యాక లక్ష, గోడలు లేచాక లక్షా 25 వేలు, స్లాబు పడ్డాక లక్షా 75 వేలు, ఇల్లు పూర్తయ్యాక చివరి లక్ష. ఇందులో మొదటి లక్ష రావాలంటే ముందు బేస్‌మెంట్ కనబడాలి. భర్త చనిపోయి ఇద్దరు పిల్లలతో ఉంటున్న ఒక కూలి అక్క ఈ సంగతి విని అన్న మాటను నేను తర్వాత ప్రతి కార్యాలయంలోనూ చెప్పాను: "సారూ, బునాది లేపితే లచ్చ ఇస్తరట. బునాది లేపే లచ్చ నా దగ్గరుంటే నేను గీ గుడిసెల ఎందుకుంట?"

ఆ ప్రశ్నకు నిబంధనల్లో జవాబు లేదు. పునాది తవ్వకం, రాయి, ఇసుక, సిమెంటు, ఇనుము, మేస్త్రీ కూలి, లోపల మొరం నింపడం అన్నీ కలిపితే 400 చదరపు అడుగుల చిన్న ఇంటికైనా బేస్‌మెంట్‌కే లక్ష దాటుతుందని మా మేస్త్రీలు లెక్కగట్టి చూపించారు. నల్లరేగడి నేల ఉన్న వాడల్లో పిల్లర్లు తీయక తప్పదు గనుక అక్కడ ఇంకా ఎక్కువ అవుతుంది. ఈ డబ్బును ఆ కుటుంబం బయట నూటికి మూడు రూపాయల మిత్తికి తేవాలి. బిల్లు ఆలస్యమైతే మిత్తి పెరుగుతుంది, గోడల దశకు మళ్లీ అప్పు కావాలి. నిరుపేద కోసం పెట్టిన పథకంలో మొదటి మెట్టు ఎక్కగలిగేది కొంత చేతిలో ఉన్నవాడే అవుతున్నాడు. అప్పటి నుంచి మా కోరిక ఒక్క వాక్యంలోకి వచ్చింది: ముగ్గు పోసిన రోజునే, పునాది తవ్వకముందే, మొదటి విడతలో కొంత భాగం బ్యాంకు ఖాతాలో పడాలి.

2025 జనవరి 21 నుంచి 24 వరకు రాష్ట్రమంతటా గ్రామసభలు జరిగాయి. రైతు భరోసా, ఇందిరమ్మ ఆత్మీయ భరోసా, రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్లు, ఈ నాలుగు పథకాల జాబితాలూ ఒకే సభలో చదవాల్సి ఉండటంతో ఎక్కడ చూసినా గందరగోళమే. సర్పంచుల పదవీకాలం అంతకు ఏడాది ముందే ముగిసింది, సభను నడిపింది ప్రత్యేక అధికారి. పేరు రానివాళ్లు లేచి అడుగుతున్నారు, పేరు వచ్చినవాళ్లు తమ పేరు మళ్లీ చదవమంటున్నారు. మేము మూడు రోజుల ముందే తీర్మానం నకలు రాసి పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి ఉంచాం గనుక, సభ చివర్లో దానిని చదివించి మినిట్స్ పుస్తకంలో ఎక్కించగలిగాం. ఎవరిదో ఒకరి పేరు కలపమని కాకుండా, పునాదికి ముందు డబ్బు, ఎల్-2 కుటుంబాలకు జాగ, ఒకే ఇంట్లో ఉంటున్న వేరు పొయ్యిల కుటుంబాల గుర్తింపు అన్న మూడు అంశాలను ఊరంతటి తరఫున అడిగాం. పేర్ల కోసం పట్టుబట్టిన ఊళ్లలో సభ గొడవతో ముగిసింది. అంశాల మీద తీర్మానం చేసిన ఊళ్లకు చేతిలో ఒక కాగితం మిగిలింది. తర్వాత ఏ కార్యాలయానికి వెళ్లినా ముందు చూపింది ఆ నకలునే.

సమాచార హక్కు చట్టం కింద అర్జీలు పెట్టడం నేను స్వయంగా చూసుకున్నాను. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి అర్జీ పెడితే రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ఈ సంగతి తెలియక చాలామంది అన్నింటికీ జిల్లాకే పోతారు. దరఖాస్తులు ఎన్ని, ఏ వర్గంలో ఎన్ని, మంజూరైనవి ఎన్ని, బేస్‌మెంట్ ఫొటో ఎక్కించిన తేదీ ఏది, డబ్బు జమ అయిన తేదీ ఏది అని అంకెలే అడిగాను. "ఎందుకు ఆలస్యం" అని అడిగితే జవాబు రాదు, చట్టం కార్యాలయంలో ఉన్న సమాచారాన్నే ఇవ్వమంటుంది. రెండు తేదీలు అడిగితే ఆలస్యం ఎంతో మనమే లెక్క కట్టుకోవచ్చు. ఒక కార్యాలయం 30 రోజుల గడువులో ఇచ్చింది. మరొకటి గడువు దాటినా ఇవ్వకపోతే మొదటి అప్పీలు వేశాక ఇచ్చింది.

శాసనసభ్యుడిని కలిసినప్పుడు జరిగిన చర్చ నా ఆలోచనకు పదును పెట్టింది. ఆయన మర్యాదగా విన్నారు గాని సూటిగా అడిగారు: "సార్, మీరు బ్యాంకుల చేసినోళ్లు. పునాదికి ముందు పైసలిస్తే కొందరు కట్టకుండ వాడుకుంటరు. అప్పుడు వసూలు ఎట్ల?" ఆ ప్రశ్న న్యాయమైనదే, పాత పథకాల్లో అలాంటివి జరిగాయన్న భయం అధికారుల్లోనూ ఉంది. నేను చెప్పిన జవాబు నా ఉద్యోగంలో నుంచే వచ్చింది. పంట రుణం విత్తనం వేయకముందే ఇస్తాం. ముందు పంట చూపించు, తర్వాత రుణం తీసుకో అని ఏ రైతునూ అనం. కొందరు దారి మళ్లిస్తారని తెలిసినా అందరికీ ఆపం, తనిఖీ పెడతాం. ఇక్కడ అంతకంటే మంచి పట్టు ఉంది: జాగ ఊళ్లోనే ఉంది, ముగ్గు పోసిన ఫొటో అక్షాంశ రేఖాంశాలతో యాప్‌లోకి ఎక్కుతుంది, నాలుగు విడతల్లో మూడు ఇంకా ప్రభుత్వం చేతిలోనే ఉంటాయి. అంత భయమైతే మొదటి 50 వేలను సిమెంటు, ఇనుము రూపంలో ఇవ్వవచ్చు. 2006 నాటి పథకంలో సిమెంటు బస్తాలు ఇచ్చిన అనుభవం గృహనిర్మాణ శాఖకు ఉంది. ఆయన ఒక పేజీలో రాసివ్వమన్నారు. మేము ఇచ్చిన దానికి తన లేఖ జతచేసి గృహనిర్మాణ శాఖ మంత్రికి పంపారు.

ఆ ఒక్క పేజీ రాయడానికే నాకు అన్నింటికంటే ఎక్కువ సమయం పట్టింది, ఎందుకంటే అందులో కేంద్ర పథకంతో పోలిక పెట్టాలనుకున్నాను. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ 2016 నవంబరులో మొదలైంది. మైదాన ప్రాంతంలో ఇంటికి లక్షా 20 వేలు, అందులో కేంద్రం 60, రాష్ట్రం 40 వంతులు భరిస్తాయి. అంటే కేంద్రం వాటా ఇంటికి 72 వేలు. దానికి తోడు ఉపాధి హామీ కింద 90 రోజుల కూలి ఉంటుంది. 2025-26లో తెలంగాణలో రోజు కూలి 307 రూపాయలు గనుక అది 27,630 అవుతుంది. మరుగుదొడ్డికి స్వచ్ఛభారత్ నుంచి 12 వేలు. లక్షా 20 వేలతో ఇల్లు పూర్తికాదన్నది నిజమే, రాష్ట్రం ఇచ్చే 5 లక్షలతో అది ఏ రకంగానూ సరితూగదు. అయినా ఆ పథకంలో ఒక మంచి నియమం ఉంది: మొదటి విడత మంజూరు పత్రంతోపాటే వస్తుంది, పునాది చూపించనక్కర లేదు. వేరే రాష్ట్రాల పల్లెల్లో అమలైన ఈ నియమాన్ని రాష్ట్రం తన 5 లక్షల పథకంలోకి తెచ్చుకోవడానికి అడ్డేమిటని ఆ పేజీలో అడిగాం. తెలంగాణ పల్లెల్లో ఆ కేంద్ర పథకం ఏళ్ల తరబడి అమలు కాలేదు. రాష్ట్రానికి సొంత పథకం ఉండటం, రెండింటి నిబంధనలూ ఎంపిక జాబితాలూ వేరుగా ఉండటం అందుకు కారణమన్నారు. రాజకీయాలు ఏవైనా, ఇంటికి 72 వేల కేంద్రం వాటాను వదులుకుంటే ఆ మేరకు రాష్ట్ర ఖజానా మీదే బరువు పడుతుందని, ఆ వాటా తెచ్చుకుంటే ఎల్-2 వాళ్లకు జాగ కొనడానికి డబ్బు మిగులుతుందని కూడా రాశాం.

కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలో అర్జీ ఇచ్చాం, రసీదు నంబరు తీసుకున్నాం. జిల్లా స్థాయిలో తీరేవి అక్కడే తీరాయి: ఆధార్ అనుసంధానం లేక ఆగిన బిల్లులు, పేరులో అక్షరం తేడా వల్ల తిరిగిపోయిన జమలు, ఉచిత ఇసుక అనుమతులు. నిధుల విధానం జిల్లా చేతిలో లేదని అక్కడి అధికారులు స్పష్టంగా చెప్పి, హైదరాబాద్‌కు పంపమన్నారు. బేగంపేటలోని ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాల్లో అర్జీలు తీసుకుంటారు. నర్సంపేట నుంచి తెల్లవారుజామున బస్సెక్కి సంఘం లీడర్లు వెళ్లి ఇచ్చి వచ్చారు. కూలి పోగొట్టుకుని, చంటిపిల్లలను ఎత్తుకుని వాళ్లు చేసిన ఆ ప్రయాణం లేకపోతే నా రాతకు విలువ ఉండేది కాదు.

బడ్జెట్ పుస్తకాల విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నిధులు అడిగేవాళ్లు చాలామంది ప్రకటన దగ్గరే ఆగిపోతారు. గృహనిర్మాణం ఖర్చు మూడు పద్దుల్లో కనిపిస్తుంది: 2216 కింద రెవెన్యూ ఖర్చు, 4216 కింద పెట్టుబడి ఖర్చు, 6216 కింద రుణాలు. ప్రతి పద్దు పక్కన గడిచిన సంవత్సరపు వాస్తవ ఖర్చు, నడుస్తున్న సంవత్సరపు సవరించిన అంచనా, రాబోయే సంవత్సరపు బడ్జెట్ అంచనా ఉంటాయి. పత్రికల్లో వచ్చేది చివరి అంకె. ఊళ్లో ఇల్లు లేచిందా లేదా అన్నది తెలిసేది మొదటి అంకెలో. 2024 ఫిబ్రవరిలో పెట్టిన ఓటాన్ అకౌంట్ (తాత్కాలిక) బడ్జెట్‌లో ఇందిరమ్మ ఇళ్లకు 7,740 కోట్లు చూపారు. ఊళ్లలో మంజూరు పత్రాలు ఇవ్వడం మొదలైంది 2025 జనవరి 26న, అదీ మండలానికి ఒక గ్రామంలో. ఆర్థిక సంవత్సరం ముగియడానికి అప్పటికి రెండు నెలలే మిగిలాయి. ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూపిస్తే సంఘం వాళ్లందరికీ అర్థమైంది, కేటాయింపు వేరు, విడుదల వేరు అని.

2025 మార్చి 19న ఆర్థిక మంత్రి భట్టి విక్రమార్క ప్రవేశపెట్టిన బడ్జెట్ మొత్తం 3,04,965 కోట్లు, అందులో ఇందిరమ్మ ఇళ్లకు 12,571 కోట్లు. నూటికి నాలుగు రూపాయల పైచిలుకు. ఇంత పెద్ద కేటాయింపును నేను మనస్ఫూర్తిగా స్వాగతించాను. అయితే ఇంటికి 5 లక్షల చొప్పున లెక్క వేస్తే అది సుమారు రెండున్నర లక్షల ఇళ్లకు సరిపోతుంది, పథకం మొదటి దశ లక్ష్యం నాలుగున్నర లక్షల ఇళ్లు. డబ్బు విడతలుగా ఇచ్చేది గనుక కొంత వచ్చే ఏడాదికి జరుగుతుందన్నది నిజం. అలా జరిగే భాగానికి వచ్చే బడ్జెట్‌లో కొత్త ఇళ్లతో సంబంధం లేకుండా విడిగా కేటాయింపు చూపాలని, లేకపోతే సగం కట్టిన ఇళ్లూ కొత్త ఇళ్లూ ఒకే డబ్బు కోసం పోటీపడతాయని మేము రాశాం.

దీనికి తోడు కాలం సంగతి ఉంది, దీనిని హైదరాబాద్‌లో కూర్చున్న వాళ్లకు ఎంత చెప్పినా తక్కువే. పల్లెలో ఇల్లు కట్టే కాలం పంట చేతికొచ్చిన సంక్రాంతి తర్వాత మొదలై మృగశిర కార్తెతో ముగుస్తుంది. ఆ తర్వాత వాన, నాట్లు, కలుపు. ప్రభుత్వానికి మార్చి నెలాఖరు అంటే లెక్కలు మూసే సమయం, ఏప్రిల్, మే అంటే కొత్త సంవత్సరపు విడుదలలు ఇంకా కుదుటపడని సమయం. అంటే పల్లెకు డబ్బు అత్యవసరమైన నెలల్లోనే ఖజానా మెల్లగా కదులుతుంది. జనవరిలో ముగ్గు పోసిన కుటుంబానికి ఫిబ్రవరిలో బేస్‌మెంట్ డబ్బు, ఏప్రిల్‌లోగా గోడల డబ్బు, మే నెలలో స్లాబు డబ్బు అందేలా విడుదలల పట్టిక ముందే ప్రకటించాలన్నది మా అర్జీలో నేను పట్టుబట్టి చేర్చిన అంశం.

మాకు దక్కినదేమిటంటే, పునాదికి ముందు డబ్బు లేని కుటుంబాలకు మహిళా సంఘాల నుంచి లక్ష దాకా అప్పు ఇప్పించే వెసులుబాటు వచ్చింది. మూడు రూపాయల మిత్తి కంటే అది ఎంతో నయం. ఆ అప్పుతో పునాది తవ్వి, స్లాబు దాకా చేరిన ఇళ్లు మా ఊళ్లలో కళ్లముందే ఉన్నాయి. గుడిసె గురించి నన్ను ప్రశ్నించిన అక్క కూడా అలాగే కట్టుకుంటోంది. కానీ అది ప్రభుత్వ నిధి కాదు, తోటి కూలి మహిళల పొదుపు మీద వచ్చిన అప్పు. బిల్లు ఆలస్యమైతే సంఘం కిస్తీ తప్పుతుంది, కిస్తీ తప్పితే పదిమందికీ తర్వాతి రుణం ఆగుతుంది. సంఘంలో సభ్యత్వం లేని ఒంటరి వృద్ధులకు, పాత బకాయి ఉన్నవాళ్లకు ఆ దారి కూడా లేదు. మంజూరు పత్రం చేతికి వచ్చాక కూడా వద్దని రాసిచ్చిన కుటుంబాలు మా జాబితాలో ఉన్నాయి. పైనుంచి చూస్తే వాళ్లు ఇష్టం లేక వదులుకున్నట్టు కనిపిస్తుంది. ఆ ఖాళీలో మరొకరి పేరు చేరుతుంది, ఆ చేరే పేరు సాధారణంగా డబ్బు సర్దుకోగలిగిన వాళ్లది. నాకు ఈ మొత్తం పనిలో బాధ కలిగించినది ఇదే.

ఇంకో చిన్న సంగతి, కట్టుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సినది. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. కొడుకు పెళ్లి కావాలని ఒక గది పెంచుకున్న వాళ్లకు బిల్లు ఆగిపోయింది. ముగ్గు పోసే రోజే మేస్త్రీ చేత కొలత కాగితం మీద రాయించుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

ఎల్-2 కుటుంబాల విషయం ఇంకా కాగితాల్లోనే ఉంది. ఊరికి ఆనుకుని ఉన్న ప్రభుత్వ భూమి సర్వే నంబరు రాసి, వేరు పొయ్యిల కుటుంబాల జాబితా జతచేసి తహసీల్దారు కార్యాలయానికి ఇచ్చాం. సర్వేయరు కొలిచి వెళ్లారు, నివేదిక రెవెన్యూ డివిజన్ కార్యాలయానికి వెళ్లిందని చెబుతున్నారు. భూమి తేలితే అక్కడ రోడ్డు, నీళ్లు, కరెంటు స్తంభాలకు ఇంటి ఖర్చుతో కలపని వేరే కేటాయింపు కావాలి. రెండు పడక గదుల పథకంలో పల్లెల్లో ఈ వసతులకు ఇంటికి లక్షా 25 వేలు విడిగా లెక్కగట్టారన్నది మా వాదనకు ఆధారం.

శాఖలు తమ ప్రతిపాదనలను ఆర్థిక శాఖకు పంపే కాలం చలికాలమే గనుక, వచ్చే బడ్జెట్ కోసం ఉత్తరాన్ని పత్తి ఏరడం పూర్తికాకముందే సిద్ధం చేసుకున్నాం. అందులో ముగ్గు పోసిన రోజు 50 వేలు, పాత ఇళ్ల మిగులు విడతలకు విడి కేటాయింపు, విడుదలల పట్టిక, జాగ లేనివాళ్లకు భూమీ వసతులూ అన్న నాలుగు కోరికలే ఉన్నాయి. మంజూరు వచ్చాక వదులుకున్న కుటుంబాలు ఎందుకు వదులుకోవాల్సి వచ్చిందో తమ మాటల్లో చెబుతుంటే రాసి, వేలిముద్రలు తీసుకుని, ఈసారి ఆ ఉత్తరానికి జత చేస్తున్నాం.